ఈరయ్య కాక చెప్పని మాట

ఈ సంగతి చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచిన్నో నాకే ఎరుక లేదు. తెరిచిన ప్రతిసారీ వేరే ఏదో మాట్లాడి మూసుకున్న. వానల గురించి, పిల్లల చదువు గురించి, ధరల గురించి. ఇంట్ల ఏదన్న మంచి జరిగి అందరూ నవ్వుతుంటే, నా నవ్వు ఒక్కటే సగంల తెగిపోయేది. ఏమైంది అని నా భార్య అడిగేది. ఏం లేదు అనేటోన్ని. ఆమె పోయిందాక ఆ 'ఏం లేదు' అనే అబద్ధంతోనే ఆమె పక్కన బతికిన.

మీరెవరో నాకు తెల్వదు. నా పేరు మీకు చెప్పను. చెప్పే ధైర్యం లేదు. అది ముందే ఒప్పుకుంటున్న. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్త. నడుమ ఎక్కడన్న నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనబడితే, అక్కడ నన్ను నమ్మకండి.

మాది సిద్దిపేట. అప్పుడు నిజాం రాజ్యం. లోకంల పెద్ద యుద్ధం నడుస్తుండె. నేను, రాజలింగం ఒకే బడిల, ఒకే బల్ల మీద కూసొని ఉర్దూల చదువుకున్నోళ్లం. వాళ్ల బాపు ఈరయ్య కాక బట్టలమ్మేటోడు. దుకాణం లేదు. గుర్రం మీద మూటలు కట్టుకొని అంగళ్లు తిరిగేటోడు. ఒకరోజు తొగుట, ఒకరోజు గజ్వేల్, జాతర దినాలల్ల కొమురవెల్లి. రాజలింగం చిన్నగున్నప్పుడే వాళ్ల అవ్వ పోయింది. కాక మళ్ల పెండ్లి చేసుకోలే. తానే వండి, తానే పెట్టి, కొడుకును పట్నం పంపి ఇంటర్ దాకా చదివిచ్చిండు. నేను ఆ ఇంట్ల ఎంత తిన్ననో, మా ఇంట్ల అంత తినలేదేమో. నాకు కూడా ముద్ద కలిపి పెట్టేటోడు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కండ్ల ముందర కనబడుతది.

బడి చదివే రోజుల్ల ఒకసారి రాజలింగానికి మూర్ఛ వచ్చింది. ఊరి బయట మామిడి తోటల ఇద్దరమే ఉన్నం. మాట్లాడుతూ మాట్లాడుతూ కింద పడ్డడు. కాళ్లు చేతులు కొట్టుకున్నడు. నోట్ల నురగ. నేను ఉరికిపోయి కాకను పిలుచుకొచ్చేసరికి లేచి కూసొని నన్నే వింతగ చూస్తుండు. వైద్యునికి చూపిచ్చిన్రు. మళ్ల రాలే. ఆ రోజు కాక నన్ను దగ్గర కూసోబెట్టుకొని, "ఈ సంగతి మన ముగ్గురి నడుమనే ఉండాలె బిడ్డా. పదిమందికి తెలిస్తే రేపు వానికి పిల్లనెవరిస్తరు?" అన్నడు. నేను తల ఊపిన. తెలిసినోళ్లం ముగ్గురమే. కాక, రాజలింగం, నేను.

పట్నంల మా చదువు అయిపొయ్యే యాళ్లకు, యుద్ధంల విమానాలు నడిపేటందుకు పిలగాళ్లను తీసుకుంటున్నరని తెలిసింది. రాజలింగం నిద్రల కూడా అదే మాట. నాకైతే ఆ పిచ్చి లేకుండె. వాడు పోతుండు కాబట్టి నేనూ పోయిన. రాత పరీక్ష అయింది. ఒంటి పరీక్ష అయింది. ఎప్పుడన్న ఫిట్స్ వచ్చినయా అని అడిగిన్రు. లేదన్నడు. నేను వాని పక్కనే నిలబడి ఉన్న. వాడు నా దిక్కు చూడలే, నేను వాని దిక్కు చూడలే. ఇద్దరం ఎన్నికైనం.

కాక ఒప్పుకోలే. రెండు దినాలు పొయ్యి వెలిగియ్యలే. "నేనెందుకు వద్దంటున్ననో నీకు ఎరుకే గద కొడుకా" అన్నడు. "ఎప్పుడో ఒక్కసారి వచ్చి పోయినదానికి బతుకంత భయపడుకుంట ఉండాల్నా బాపూ" అని రాజలింగం అన్నడు. ఆఖరుకు కాకనే దిగివచ్చిండు. బస్సు దాకా మాతోని నడిచొచ్చి, "నేనైతే ఎవరికీ చెప్పను. నీ పానం నువ్వే చూసుకో" అన్నడు కొడుకుతోని. నాతోని, "నువ్వు వాన్ని ఒక కంట కనిపెట్టుకొని ఉండు బిడ్డా" అన్నడు. బస్సు మలుపు తిరిగేదాక అక్కడనే నిలబడ్డడు.

విమానాలు నేర్పే జాగ పట్నానికి అవతల ఉండె. పెద్ద మైదానం, రేకుల కొట్టాలు. మేము నేర్చుకున్నది రెండు సీట్ల చిన్న విమానం. కట్టెకు బట్ట గుంజి కట్టిన రెక్కలు, ఒకదాని మీద ఒకటి. నెత్తి మీద కప్పు ఉండదు. ముందల నేర్పే తెల్లదొర, వెనుక నేర్చుకునేటోడు. నడుమ ఒక రబ్బరు గొట్టం. ఆయన అరిచే మాట అందుల నుంచి మన చెవులకొస్తది.

రాజలింగం మొదటి రోజు నుంచే, గుర్రమెక్కి అంగడికి పోతున్నట్టు నడిపిండు. నాకది చేతకాలే. లేపుడు వచ్చింది. నిటారుగ పోనిచ్చుడు వచ్చింది. దించుడు రాలే. నేల దగ్గరికొస్తుంటే అది ఇంకెంత దూరం ఉందో నా కంటికి ఆనకపోయేది. ఒకసారి నేల వచ్చిందనుకొని పైననే జోరు తగ్గిచ్చి దభేల్మని పడేసిన. ఇంకోసారి తెలిసేలోపల చక్రాలు నేలకు గుద్దుకొని విమానం కప్పలెక్క ఎగిరింది. దొర తన దిక్కున్న నడిపే కర్ర పట్టి విమానాన్ని నా చేతిల నుంచి గుంజుకునేటోడు. దిగినంక ఏమనకపోయేది. తిట్టినా బాగుండు అనిపిచ్చేది. పైకి పోయినంక వాంతి చేసుకునేటోన్ని. నేనే కడిగేటోన్ని.

మా జట్టుల నుంచి ఒకరెన్క ఒకరు పోతనే ఉన్నరు. ఒకనికి లెక్కలు రాలే. ఒకనికి తల తిరిగింది. ఒకని తల్లి వచ్చి గేటు కాడ కూసొని ఏడ్చి కొడుకును తోలుకపోయింది. బాగా నడిపే ఒక పిలగాడు ఒకనాడు పొద్దుగాల లేచి, ఎవరితోని ఏం మాట్లాడకుండ ట్రంకు సర్దుకొని పోయిండు. ఎందుకు పోయిండని మేము చాన రోజులు మాట్లాడుకున్నం. పోయేటోళ్లు ఏదో ఒక కారణం చెప్తరు. అది నిజం కూడా అయితది. దాని కింద ఇంకోటి ఉంటది, అది మాత్రం ఎవరూ చెప్పరు. దొర ముందర, దోస్తుల ముందర, రోజూ ఇంత చిన్నగ అయిపోవుడు నేను తట్టుకోలేను అని ఎవరన్న చెప్తరా? నేను చెప్పిన్నా?

దొర ఒకనాడు నన్ను పిలిచి, ఇంకొక్కసారి చూస్త, అప్పుడు కూడా ఇట్లనే దించితే ఇంటికి పంపిస్త అన్నడు. మెల్లగ, మర్యాదగ చెప్పిండు. అదే దినం రాజలింగానికి, వచ్చే వారం ఒంటరిగ పైకి పంపుతున్న అని చెప్పిండు. వాడు నా భుజాల మీద చెయ్యేసి, "నీకు కూడా వస్తది రా. నేను చెప్త, నేల దిక్కు చూడకు, దూరం దిక్కు చూడు" అన్నడు. వాని మాటల కల్మషం లేదు. అదే నాకు కాలింది.

ఆ రాత్రి సిద్దిపేట బజారే నా కండ్లల మెదిలింది. నేను ఒక్కన్నే బస్సు దిగుతున్న. వాడు పైన ఉన్నడు. జనం అడుగుతున్నరు.

తెల్లారి వాంతుల గురించి నన్ను దవాఖాన గదికి పంపిన్రు. డాక్టరు మన దిక్కు మనిషే, ఉర్దూల మాట్లాడిండు. నాలిక చూసిండు, కడుపు నొక్కిండు. చిన్నప్పటి నుంచి ఏమన్న జబ్బుందా అని అడిగిండు. నాకేం లేదన్న. అక్కడ ఆగితే అయిపోయేది. ఆగలే. "నాకు లేదు గని, మా ఊరోడు ఒకడున్నడు" అన్న. ఆయన చేస్తున్న పని ఆపి నా దిక్కు చూసిండు.

మూర్ఛ సంగతి చెప్పిన. నీకెట్ల తెలుసు అని అడిగిండు. నేను చూసిన అని చెప్పాల్సింది. నోట్లకొచ్చింది కూడా. కానీ రాజలింగానికి నా పేరు తెలుస్తదన్న భయం అప్పటికప్పుడే పుట్టింది. "వాళ్ల బాపు చెప్పి పంపిండు. కొడుకు పానం గురించి భయపడుతుండు. మీకు చెప్పుమన్నడు. నా పేరు మాత్రం వానికి చెప్పకుండ్రి" అన్న.

ఇదీ నేను చేసింది.

ఇన్నేండ్లల నాకు నేను ఎన్ని సుద్దులు చెప్పుకున్ననో. మూర్ఛ ఉన్నోడు విమానం నడుపుడు నిజంగనే ప్రమాదం. పైన వస్తే వాడు సచ్చేటోడు, కింద ఇంకెవరన్న సచ్చేటోళ్లు. కాక కనిపెట్టుకొని ఉండుమన్నడు, నేను కనిపెట్టిన. ఇవన్నీ నిజాలే. వీటిల ఒక్కటన్న ఆ గదిల నా మనసుల ఉండెనా? లేకుండె. ఉన్నదల్ల ఒకటే. వాడు కూడా బస్సు దిగాలె. నిజంగ వాని పానమే నాకు ముఖ్యమైతే, చెప్పింది నేనే అని ఎందుకు చెప్పలే? తండ్రి పేరు ఎందుకు పెట్టిన?

మరునాడు రాజలింగాన్ని పిలిచిన్రు. మీ ఇంటి నుంచే కబురు వచ్చింది, మీ తండ్రే చెప్పి పంపిండు అని డాక్టరు అన్నడట. తండ్రి పేరు విన్నంక వాడు కాదనలేకపోయిండు. తలకాయ దించుకొని ఒప్పుకున్నడట. వచ్చి బట్టలు సర్దుకుంట, "బాపే చెప్పిండు రా" అన్నడు. గొంతు కోపంగ లేదు. చిన్న పిల్లగాని గొంతు లెక్క ఉంది. నేను మంచం కోడు పట్టుకొని నిలబడ్డ. ఒక మాట చాలు. ఒక్క మాట. రాలే.

నా పరీక్ష రోజు నేను విమానం ఎక్కలే. నేను కూడా పోతున్న అని దొరకు చెప్పిన. ఆయన ఎందుకని కూడా అడగలే. ఊర్ల మాత్రం ఏమనుకున్నరో తెలుసా? దోస్తును పంపిస్తే వీడు కూడా వదులుకొని వచ్చిండు, అసొంటి దోస్తు ఎవరికి దొరుకుతడు అనుకున్నరు. రాజలింగం కూడా అదే నమ్మిండు. నేను కాదనలే. మెచ్చుకుంటుంటే నేల చూపులు చూసిన. అది వినయం అనుకున్నరు.

మేము దిగిన రోజు కాక ఇంటి ముందర గుర్రానికి గడ్డి వేస్తుండు. సెలవు మీద వచ్చినమనుకొని ముఖం విప్పారింది. రాజలింగం ట్రంకు దించకుండనే, "ఎవరితోని చెప్పి పంపినవ్?" అని అడిగిండు.

"ఏంది కొడుకా?"

"నా మూర్ఛ సంగతి."

కాకకు మొదలు అర్థం కాలే. అర్థమైనంక, నేనెవరికీ చెప్పలేదు అన్నడు. ఇంకోసారి అన్నడు. ఆఖరుకు, "పోయిన మీ అవ్వ మీద ఒట్టు" అన్నడు.

ఆ ఒట్టే కొంప ముంచింది. చేసిందే కాక, సచ్చిపోయిన అవ్వ మీద అబద్ధపు ఒట్టు పెట్టిండని రాజలింగం అనుకున్నడు. ఆ రోజు నుంచి తండ్రిని బాపు అని పిలువలే. పిలువకపోవుడే కాదు, మాట్లాడనే లేదు. ఒకే ఇంట్ల ఉన్నరు. కచేరిల గుమాస్తా నౌకరి దొరికింది వానికి. పొద్దుగాల పోయి పొద్దుమీకి వచ్చేటోడు. కాక వండి పెట్టింది ముట్టకుండ తనది తాను వండుకునేటోడు. కాక రెండు గిన్నెలల్ల వండుడు మానలే. తెల్లారి రెండో గిన్నె గుర్రం ముందర పెట్టేటోడు.

నేను రోజూ చూస్తుంటి. నాకు కూడా అక్కడనే దగ్గరల నౌకరి. సాయంత్రం రాజలింగం తోని కూసొని ముచ్చట పెట్టేటోన్ని. రేపు చెప్త, పండుగ పోయినంక చెప్త, వాని పెండ్లి అయినంక చెప్త. వాని పెండ్లి అయింది. పీటల కాడ తండ్రి చేసే పనులు కాక చేసిండు గని, కొడుకు ముఖం ఎత్తి చూడలే. నేను తోడి పెండ్లికొడుకు లెక్క పక్కన కూసున్న.

ఒకనాడు బజార్ల రాజలింగం సైకిలు మీద నుంచి పడ్డడు. మళ్ల మూర్ఛ. అన్నేండ్లకు. నేను అక్కడనే ఉన్న. తల నా ఒళ్లె పెట్టుకొని, పక్కకు తిప్పి పట్టుకున్న. వాడు కొట్టుకుంటుంటే నా లోపల ఏమైందో చెప్త. ఇది కూడా చెప్పకపోతే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. నాకు సంతోషమైంది. చూసిన్రా, నేను చెప్పింది మంచిదే అయింది, పైన ఉంటే సచ్చేటోడు అనుకున్న. నా దోస్తు నోట్ల నురగ నా ధోతికి అంటుకుంటుంటే నేను సంతోషపడ్డ.

ఎవరో చెప్పంగనే కాక చెప్పుల్లేకుండ ఉరికొచ్చిండు. కొడుకు నొసటి మీద చెయ్యి పెట్టిండు. అప్పుడే కండ్లు తెరిచిన రాజలింగం ఆ చెయ్యి పక్కకు తోసి, నా చెయ్యి పట్టుకున్నడు. కాక లేచి, బజారు జనం నడుమల నుంచి ఒక్కడే ఇంటికి పోయిండు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయన మంచం పట్టిండు. దగ్గు, ఆయాసం. రాజ్యంల గడబిడ మొదలైంది. బస్సులు సరిగ నడుస్తలేవు, పట్నం దవాఖానకు తోలుకపోయే తొవ్వ లేదు. రాజలింగం వైద్యున్ని పిలిపిచ్చేటోడు, మందులు తెచ్చి భార్య చేతికి ఇచ్చేటోడు. ఆ మంచం కాడికి మాత్రం పోకపోయేది. నేను పోయేటోన్ని. ఒక పగటి పూట ఇంట్ల ఎవరూ లేనప్పుడు కాక నన్ను దగ్గర కూసోమన్నడు.

"ఎరుక ఉన్నది ముగ్గురికే గద బిడ్డా" అన్నడు.

"అవు కాకా."

"నేనైతే చెప్పలే. వానిది వాడు చెప్పుకోడు."

అక్కడ ఆగిండు. నా దిక్కే చూసిండు. నువ్వేనా అని అడుగుతడనుకున్న. అడిగితే చెప్పేటోన్ని. ఒట్టు, చెప్పేటోన్ని. ఆయన అడగలే. అడిగేదాక నేనెందుకు ఆగాలె? ఆగిన.

"ఏమో కాకా. నాకు తెల్వది" అన్న.

ఆయన కండ్లు మూసుకున్నడు. నిద్రపోయిండేమో అనుకొని లేవబోయిన. చెయ్యి పట్టుకున్నడు.

"వాడు నాతోని మాట్లాడడు. వానికి నువ్వు ఒక్కనివే ఉన్నవ్. నువ్వు కూడా లేకుంటే వాడు ఎవరూ లేనోడు అయితడు. వాన్ని ఇడువకు" అన్నడు.

అప్పుడు సమజైంది. ఆయనకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో చెప్పలేను. మొదటి రోజే ముగ్గుర్ని లెక్కబెట్టుకొని ఉంటడు. కొడుకుతోని ఒక్క మాట అంటే ఆయన మీది నింద పోయేది. ఆ మాట ఆయన అనలే. అంటే కొడుకుకు ఉన్న ఒక్క దోస్తు పోతడని అనలే. నేను చెప్పిన మాటను తన మీద వేసుకొని, తనకు తెలిసిన మాటను మింగి ఆ మంచం మీద పడుకున్నడు. నేను ఆ చెయ్యి విడిపిచ్చుకొని బయటికొచ్చిన. కాళ్ల మీద పడలే. ఏడవలే. అరుగు మీద కూసొని, రాజలింగం వచ్చేదాక చూసి, వాడు వచ్చినంక కచేరి ముచ్చట్లు మాట్లాడిన.

కాక వారం తిరుగకుండనే పోయిండు. రాజలింగం కొడుకు చేయాల్సినయన్నీ చేసిండు. కండ్లల నీళ్లు రాలే. దినాలు అయిపోయినంక ఒక సాయంత్రం నా పక్కన కూసొని అన్నడు:

"బాపును మాఫ్ చేసిన రా. ఆయన చెప్పింది నా పానం గురించే గద. బతికి ఉన్నప్పుడే ఈ మాట అనాల్సింది. మొండితనం చేసిన."

అని, అప్పుడు ఏడ్చిండు. తండ్రి చేయని తప్పుకు తండ్రిని మాఫ్ చేసి ఏడ్చిండు. నేను వాని వీపు నిమిరిన. అప్పుడు చెప్తే వాడు ఏమైతడు? మాఫ్ చేసేటందుకు ఏమీ లేని తండ్రితోని అన్నేండ్లు మాట్లాడకుండ ఉన్ననని తెలిస్తే ఎట్ల బతుకుతడు? అందుకే చెప్పలే అని నన్ను నేను నమ్మిచ్చుకున్న. ఇది నిజమా? లేకుంటే ఎప్పటి లెక్కనే భయమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న. రెండూ ఒకే తీరు కనబడుతయి నాకు.

ఆ తర్వాత మేమిద్దరం ముసలోళ్లమైనం. కాక చెప్పినట్టు వాన్ని ఇడువలే. ఒక్కటి చేసిన్నంటే అదే. కానీ వాని పక్కన కూసున్న ప్రతి దినం అది దోస్తానా, కావలి కాసుడా నాకే తెల్వకుండె. పోయిన ఏడు వాడు నిద్రలనే కన్ను మూసిండు. వాని పిల్లలు నా చేతులు పట్టుకొని, మా బాపుకు తమ్ముని లెక్క ఉంటివి అన్నరు.

మాఫ్ చెయ్యాల్సిన ఇద్దరూ లేరు. మీరు చేసేది కాదు, నేను అడుగుతలేను. వాని పిల్లలకు చెప్పే ధైర్యం ఇంకా రాలే, వస్తదని కూడా మాట ఇయ్యలేను. ఇంత మాత్రం ఇన్నేండ్లకు మొదటిసారి నా నోటితోని అంటున్న. అంటుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా పోతుంది.

ఈరయ్య కాక చెప్పలే. నేను చెప్పిన.